తైనాన్‌లో దిగాను, ఊరు కనబడలేదు

తైవాన్ రాజధాని తైపేలో నేనున్న హోటల్ నుంచి మెయిన్ స్టేషన్‌కి నడిచి ఎనిమిది నిమిషాలు. మెట్లు దిగితే మెట్రో, మామూలు రైళ్లు, హైస్పీడ్ రైలు అన్నీ నేల కింద ఒక్కచోటే. దక్షిణాన ఉన్న తైనాన్‌కి టికెట్ 1,350 తైవాన్ డాలర్లు. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో 700 రకం నుంచి తయారుచేసుకున్న బండి, గంటకు 300 కిలోమీటర్ల వేగం. 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం గంటా ముప్పావులో అయిపోయింది. కిటికీలోంచి ఏం చూశానని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏం లేదు.

మా చిన్నాన్న కొడుకు అక్కడ చెంగ్ కుంగ్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. వాళ్లమ్మ పంపిన కందిపొడి, కుక్కర్ గాస్కెట్ నా బ్యాగులో ఉన్నాయి. రైలు దిగి బయటికి చూస్తే ఖాళీ స్థలాలు, వెడల్పాటి రోడ్లు. ఊరన్నది లేదు. వాడికి ఫోన్ చేశాను.

"అక్కా, స్టేషన్ పేరే తైనాన్, నువ్వు దిగింది గ్వేయిరెన్‌లో. పైన వంతెన దాటితే శాలున్ స్టేషన్ వస్తుంది, అక్కడ లోకల్ ఎక్కు. దారిలో తిండి కొంటూ నిలబడకు, బండి పోతుంది."

అప్పటికే చేతిలో బెంటో, అంటే అన్నం సర్దిన డబ్బా ఉంది. బండి పోయింది కూడా. తర్వాతది అరగంటకి.

సికింద్రాబాద్ బదులు చర్లపల్లిలో రైలెక్కాల్సి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆరోజు రైలుకంటే ఆటోతోనే ఎక్కువ అలసిపోయాను. ఇక్కడ నయం, కనీసం లోకల్ ఉంది. అదీ మొదట్నుంచి లేదట. హైస్పీడ్ రైళ్లు 2007లో మొదలైతే, శాలున్ నుంచి ఊళ్లోకి ఈ లైను 2011 జనవరికి గానీ రాలేదు. నాలుగేళ్లపాటు దిగినవాళ్లు బస్సులు, ట్యాక్సీలు వెతుక్కున్నారన్నమాట. నాకు కోపం తెప్పించేది ఇదే. స్టేషన్ ఊరవతల కట్టడం తప్పు కాదేమో గానీ, ఊళ్లోకి దారి వేయకుండా రిబ్బన్ కత్తిరించడం మాత్రం తప్పే.

లోకల్ పాతిక నిమిషాలు తీసుకుంది. దారిలో బావోఆన్ అని చెక్కతో కట్టిన చిన్న పాత స్టేషన్. యోంగ్‌కాంగ్ నుంచి బావోఆన్‌కి తీసుకున్న టికెట్‌లో రెండు పేర్లూ కలిస్తే ఎప్పటికీ క్షేమంగా, ఆరోగ్యంగా ఉండమనే దీవెన వస్తుందట. జనం దాన్ని ప్రయాణానికి కాక దాచుకోడానికి కొంటారు.

తైనాన్ పాత స్టేషన్ 1936 నాటిది. వెనక గేటు దాటితే ఎదురుగా యూనివర్సిటీయే. "చూశావా, ఆ రైలు ఇక్కడికే వస్తే ఎంత బాగుండేది!" అన్నాను. వాడేం మాట్లాడకుండా పట్టాల పక్క వీధిలోకి తీసుకెళ్లాడు. పొడవునా రేకుల అడ్డుగోడలు. ఊళ్లోని మామూలు రైలు లైనునే 8 కిలోమీటర్ల మేర నేల కిందికి దించుతున్నారు. దానికోసం తూర్పువైపు ఇళ్లు కూల్చారు. ఇల్లు వదిలేది లేదని జనం ఏళ్ల తరబడి పోరాడారు. ఒకచోట సగానికి కోసేసినట్టు మిగిలిన మేడ గోడకి బాత్రూం పలకలు ఇంకా అంటుకునే ఉన్నాయి. లేత నీలం పలకలు, మధ్యలో తువ్వాలు తగిలించుకునే మేకు.

ఉన్న లైనుకే ఇంత. 300 వేగానికి పట్టాలు దాదాపు తిన్నగా పోవాలి, మలుపు తిప్పాలంటే కిలోమీటర్ల కొద్దీ జాగా కావాలి. డచ్చివాళ్లు కోట కట్టిన కాలం నాటి ఊళ్లో అంత జాగా ఎవరి పెరట్లోంచి తెస్తారు? తైపేలో నడిచొచ్చి ఎక్కిన సుఖం నాకింకా బాగానే గుర్తుంది, కాదనను. కానీ ఆ మేకు చూశాక, గ్వేయిరెన్‌లో దించినందుకు కోపం పోయింది. అరగంటకో లోకల్ అన్నదాని మీద మాత్రం పోలేదు. పెద్ద బండి వచ్చే వేళకి చిన్న బండి పది నిమిషాలు ఆగితే ఏం పోయింది?

రాత్రి వాడి గదిలో గాస్కెట్ బిగించి చూశాం. పిన్ని ఐదు లీటర్లది పంపింది. వాడి కుక్కర్ మూడు లీటర్లది.