పరీక్షకు రాని భాష

పరాయి దేశంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఫిజియోథెరపిస్టుగా చేరిన కొత్తలో నాకు మాట్లాడటమంటే భయం. ఇక్కడి యాస చెవికెక్కేది కాదు. ఫోను మోగితే గుండె దడదడలాడేది. శిశువుల కదలికలు చదివే పని నాకు అంతగా నచ్చడానికి అదే కారణం. ఆ పనికి భాష అక్కరలేదు.

కాన్పు కావలసిన తేదీ దాటాక మూడో నెల నుంచి ఐదో నెల వరకు, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, బొమ్మ చూపకుండా, పలకరించకుండా కొన్ని నిమిషాలు వీడియో తీస్తాం. మెడ, నడుము, మణికట్లు, చీలమండలు అన్ని దిక్కులకూ సన్నసన్నగా మెలికలు తిరుగుతూ ఉండాలి. ఎప్పుడూ చూడనివారికి అది ఊరికే కదలడంలాగే ఉంటుంది. హైన్జ్ ప్రెక్టల్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి వీటిని గమనించి ఒక పద్ధతిగా మలిచారు. 2017లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల సమీక్ష ప్రకారం, తరువాత సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి) అని తేలిన పిల్లల్లో దాదాపు 98 శాతం మందిని ఈ పరీక్ష ముందే పట్టుకోగలదు.

ఆ పాప 26 వారాలకే పుట్టింది. నడినెత్తిన మాడు మీద నుంచి తీసిన స్కాన్‌లోనే, మెదడులోని నీటి గదుల పక్కన తెల్ల పదార్థం దెబ్బతిన్నట్టు కనిపించింది. కాళ్లకు వెళ్లే నరాల తంతువులు ఆ గదులకు అతి దగ్గరగా సాగుతాయి. అందుకే మొదటి ముప్పు కాళ్లకే. మూడో నెల వీడియోను నేను నాలుగుసార్లు చూశాను. ఉండవలసిన కదలికలు లేవు.

వాళ్లమ్మ కూడా వలస వచ్చినామే. ఆమె భాష వేరు, నా భాష వేరు. ఇద్దరికీ సొంతం కాని మూడో భాషలో ఆమె అడిగింది: "నా పాప నడుస్తుందా?" తెలుగులో అయితే "నడవవచ్చు", "నడవకపోవచ్చు", "నడిచినా ఆలస్యం కావచ్చు" అంటూ ఎన్ని మెట్లు దిగవచ్చో! ఆ రోజు నా నోటికి వచ్చింది మాత్రం "ప్రమాదం ఎక్కువ" అన్న రెండు ముక్కలే. ఆమె దాన్ని తీర్పుగా విన్నది. ముఖం పాలిపోయింది. వందమంది పిల్లలను కలిపి చూసిన లెక్కను ఒక్క బిడ్డ తల్లి చేతిలో పెట్టినప్పుడు మాట ఎంత నెమ్మదిగా నడవాలో అప్పుడు అర్థమైంది. మరునాడు దుబాసీని పిలిపించి మొదటి నుంచి చెప్పాను. ఆ వారమే వ్యాయామాలు మొదలుపెట్టాం. ముందే తెలుసుకోవడం అందుకే.

కాన్పు తేదీ నుంచి లెక్కిస్తే రెండేళ్లు నిండాక, పిల్లల ఆలోచన, భాష, కదలికలు ఎంత ఎదిగాయో చూసే బేలీ పరీక్ష జరిగింది. పాప నడిచింది, ఎడమ పాదం మునివేళ్ల మీద. మా అంచనా చాలావరకు నిజమైంది. కానీ భాష మార్కులు బాగా పడిపోయాయి. నివేదికలో "భాషాభివృద్ధిలో జాప్యం" అని రాయబోతున్నారు. ఆలోచన, మాట, ఏకాగ్రత ఎలా ఎదుగుతాయో కదలికలూ స్కానూ చూసి అంత గట్టిగా చెప్పలేం. వయసు పెరిగేకొద్దీ ఇంటి వాతావరణం, అక్కడ వినే మాటలు కూడా అంతే బలంగా పనిచేస్తాయి.

నేను మూలన కూర్చుని చూస్తున్నాను. బంతి బొమ్మ చూపినప్పుడు పాప ఏదో అంది. పరీక్షకురాలు ఏమీ రాసుకోలేదు. తల్లి మాత్రం నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మా అబ్బాయి తెలుగులో చెప్పిన సరైన జవాబు ఎవరికీ అర్థం కానప్పుడు నేను అలాగే నవ్వాను.

మళ్లీ చూడాలని పట్టుబట్టాను. వాదించడానికి ఈసారి మాటలు తడుముకోలేదు. దుబాసీ వచ్చాక తేలింది: పాప వాళ్ల భాషలో రెండేసి మాటలు కలిపి మాట్లాడుతోంది, అమ్మను నీళ్లు అడుగుతోంది, కుక్క బొమ్మను పేరు పెట్టి పిలుస్తోంది. "జాప్యం" అన్న పదం తీసేసి, పాప ఇంటి భాషలో ఏమేం అనగలదో విడిగా రాశారు.

"మరి బడిలో?" అని అడిగింది తల్లి. "ఇప్పుడే చెప్పలేం, మళ్లీ చూద్దాం" అన్నాను, ఈసారి తొందరపడకుండా. తరువాతి అపాయింట్‌మెంట్ కాగితం మీద "దుబాసీ కావాలి" అని నేనే రాశాను.