క్లోరిన్ వాసన వద్దన్న వీధిలో టైఫాయిడ్

నాకు జ్వరం రోజుకో మెట్టు ఎక్కింది. విడాల్ అనే రక్తపరీక్షతో ఏమీ తేలలేదు, రక్తంలోని క్రిములను పెంచి చూసే బ్లడ్ కల్చర్‌లో టైఫాయిడ్ బయటపడింది. సెలైన్లు, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ సూదులు అందరికీ తెలిసినవే. చెప్పాల్సింది మూడో వారంలో ఒక రాత్రి సంగతి.

ఆ రాత్రి జ్వరం ఒక్కసారిగా దిగిపోయింది. ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. నైట్ డ్యూటీ సిస్టర్ మాత్రం నాడి చూసి పరుగున వెళ్ళి డాక్టర్‌ని లేపింది. టైఫాయిడ్ వల్ల పేగుల్లో పడే పుండ్లు చిల్లు పడేదీ, రక్తం కారేదీ ఎక్కువగా మూడో వారంలోనే. జ్వరం తగ్గుతూ నాడి వేగం పెరిగిందంటే భయపడాల్సిందే. పొట్ట గట్టిపడి, ఎక్స్‌రేలో ఛాతీకీ పొట్టకీ మధ్యనుండే డయాఫ్రం కింద గాలి కనిపిస్తే పేగు చిల్లు పడినట్టే, వెంటనే ఆపరేషన్. నాకు గాలి కనిపించలేదు. లోపల రక్తం కారుతోందని తేల్చి, నోటికి చుక్క నీళ్ళివ్వకుండా రక్తం ఎక్కించారు. తెల్లారేదాకా ఆ సిస్టర్ పొట్ట నొక్కి చూస్తూనే ఉంది. అమ్మ వెంకన్నకు ముడుపు కట్టింది. ఇద్దరికీ రుణపడి ఉన్నాను.

పరామర్శకు వచ్చిన మున్సిపల్ ఉద్యోగి ఒకాయన, "కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసనొస్తోందని మీ వీధివాళ్ళే గోల పెట్టారు, అందుకే తగ్గించామండీ" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో!

ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో 1904-05లో ఇలాగే నీళ్ళ వల్ల టైఫాయిడ్ పాకింది. విథమ్ నది నీటిని ఇసుక ఫిల్టర్లు శుభ్రం చేయలేకపోయాయి. వెయ్యి మందికి పైగా మంచం పట్టారు, వంద మందికి పైగా పోయారు. డాక్టర్ అలెగ్జాండర్ హూస్టన్ 1905లో పది లక్షల వంతుల నీటికి సుమారు ఒక వంతు క్లోరిన్ చొప్పున సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందు కలపడం మొదలుపెట్టారు. రుచి పాడైందని అక్కడా జనం గొడవ చేశారు. అయినా క్లోరిన్ కలపడం ఆపలేదు. 1911లో ఎల్కెస్లీ అనే ఊరి నుంచి బావి నీళ్ళు తెచ్చుకున్నారు. 1899 చట్టంతో టైఫాయిడ్ రోగి వివరం పట్టణ వైద్యాధికారికి చేరవేయడం ఆ దేశమంతటా తప్పనిసరైంది. మా వార్డులో ఎందరికి వచ్చిందో అడిగిన నాథుడు లేడు.

మా కుళాయి గొట్టం మురుగుకాలువలోంచే పోతుంది. సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, అతుకు దగ్గర చిల్లుంటే మురుగు లోపలికి లాక్కుంటుంది. అందుకే నీళ్ళు వదిలిన కాసేపటిదాకా పట్టకండి. చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. నీటిలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోప్‌తో అక్కడే చూపించమని అడగండి. సంపుకైతే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. ముందు పేస్టులా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోండి. మూత తీసి ఉంచిన సంచిలోని పౌడర్ బలం పోతుంది, వాసన లేకపోతే అది పనికిరాదు.

కోలుకున్నాక కూడా కొందరి పిత్తాశయంలో ఈ క్రిమి ఉండిపోతుంది. వంటపని చేసేవాళ్ళయితే మలం కల్చర్ నెగటివ్ అని డాక్టర్ చెప్పేదాకా గరిటె పట్టకండి.