అర్జునుడు అడగలేదా?

వైజాగ్ సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంట్ మేడ మీద ప్రతి గురువారం మా సత్సంగం జరుగుతుంది. అక్కడ కూర్చుంటే నా మనసు కుదుటపడుతుంది. గురువుగారంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే ఇది రాస్తున్నాను.

ఈమధ్య ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు లేచి, అన్నదానానికి వసూలైన డబ్బు లెక్క ఎక్కడైనా రాసి పెడుతున్నారా అని మర్యాదగానే అడిగాడు. "సంశయాత్మా వినశ్యతి" అనేశారు ఒక పెద్దాయన. అనుమానించేవాడు నాశనమైపోతాడట. పిల్లాడు ఇంకేం మాట్లాడతాడు?

అది గీతలో నాలుగో అధ్యాయం, 40వ శ్లోకం. అదే అధ్యాయం మొదట్లో కృష్ణుడు, ఈ యోగం సూర్యుడికి నేనే ఉపదేశించాను అంటాడు. అర్జునుడు తలూపి ఊరుకోలేదు. సూర్యుడు ఎప్పటివాడు, నువ్వు ఎప్పటివాడివి, నువ్వే చెప్పావంటే ఎలా నమ్మడం అని అడిగేశాడు. గురువు మాట మీదే అనుమానం! కృష్ణుడికి కోపం రాలేదు. మనిద్దరికీ ఎన్నో జన్మలు గడిచాయి, అవి నాకు తెలుసు, నీకు తెలియదు అని జవాబు చెప్పాడు. 34వ శ్లోకంలోనైతే గురువుకి నమస్కరించి, ప్రశ్నించి, సేవ చేసి తెలుసుకోమని తనే అన్నాడు. మనం నమస్కారం, సేవ ఉంచుకుని మధ్యలోది వదిలేశాం. ఆఖరి శ్లోకంలో సంశయాన్ని జ్ఞానమనే కత్తితో నరకమన్నాడు గానీ, అడిగినవాడి నోరు మూయించమనలేదు.

మన ఆర్కే బీచ్‌కి ఆ పేరు వచ్చింది రామకృష్ణ ఆశ్రమం వల్లే కదా. డబ్బు ముట్టుకోలేనన్న రామకృష్ణుల మాట నిజమో కాదో చూద్దామని నరేంద్రుడు ఆయన పరుపు కింద రూపాయి పెట్టాడు. ఆ నరేంద్రుడే తర్వాత వివేకానందుడయ్యాడు.

ఇది డబ్బు లెక్కల గొడవే అయితే ఇంత రాసేదాన్ని కాదు. మా వదిన షుగర్ మాత్రలు మానేసింది. విభూతి చాలని గురువుగారు అన్నారట. ఎప్పుడన్నారు వదినా అంటే, పక్కింటావిడ చెప్పిందంది. ఆవిడనడిగితే వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారంది. ఆయన నోట విన్నవాళ్లు ఒక్కరూ దొరకలేదు. ఆయన అనని మాటని ఆయన పేరుతో తిప్పుతుంటే, ఒక్కరైనా అడిగి ఉండాల్సింది కదా! అడిగితే భక్తి తక్కువంటారని భయం. అన్నయ్యా నేనూ బతిమాలి మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాం. వేసుకున్న ప్రతిసారీ గురువుకి ద్రోహం చేస్తున్నానని వదిన కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

వచ్చే నెల గురువుగారు వైజాగ్ వస్తున్నారు. వదినని పక్కన కూర్చోబెట్టుకుని, మాత్రలు మానమని మీరు అన్నారా లేదా అని అందరి ముందూ అడుగుతాను. అన్నానంటే, ఎందుకన్నారని కూడా అడుగుతాను.