లారీ అక్షరాల కథ: ఆరు నెలల్లో ఎక్కడిదాకా వచ్చింది

జూన్. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి మేడ మీద రెండో ఆదివారం పొద్దున పదింటికి కథలు రాసేవాళ్లు ఎనిమిది మంది కూడుతున్నారు. నేను తొమ్మిదో మనిషిని. మొదటిసారి కాబట్టి చదవలేదు, విన్నాను. నెలకి ఇద్దరే చదువుతారు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. జిరాక్స్ కాపీలు ముందే అందరికీ ఇవ్వాలి. చదవడం అయ్యాక మిగతావాళ్లు మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ఇదేం నియమం అనిపించింది ఆ రోజు.

జులై. నా వంతు. మా నాన్న ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకి పైగా లారీలకి పేర్లు రాశారు. రేడియం స్టిక్కర్లు వచ్చాక పని తగ్గి మానేశారు. కథ ఆయన గురించే. 1,900 మాటలు వచ్చింది. ఇంట్లో ఫోన్‌లో టైమ్ పెట్టుకుని పైకి చదివితే పంతొమ్మిది నిమిషాలు పట్టింది, అంటే నిమిషానికి వంద మాటలు. పదిహేను నిమిషాల్లో పట్టాలంటే 1,500 దాటకూడదు. ఆ రాత్రే నాలుగు వందలు కొట్టేశాను.

చదువుతుంటే టెన్షన్‌తో గొంతు ఆరిపోయింది. మొదటి పేజీ అంతా ప్రకాశం బ్యారేజీ మీద సూర్యోదయం. ఎంతో ఇష్టపడి రాసుకున్న పేజీ అది. అందరికంటే చిన్నది, డిగ్రీ చదివే అమ్మాయి, అంది: "అక్కా, మీ నాన్నగారి చెయ్యి రెండో పేజీ చివర్లో కదా కనపడింది. నేను అక్కడే కథలోకొచ్చాను." బ్యారేజీ ఎందుకు పెట్టానో చెప్పాలని నోటిదాకా వచ్చింది. నియమం అడ్డొచ్చి ఊరుకున్నాను. ఊరుకోబట్టే ఆ మాట పూర్తిగా విన్నాను. చెప్పడం మొదలుపెడితే ఆ పేజీని కాపాడుకునేదాన్ని.

ఇప్పుడు కథ సుద్దపొడి అద్దిన దారంతో మొదలవుతుంది. లారీ తలుపు మీద ఆ దారాన్ని రెండు చివర్లా లాగి పట్టుకుని మధ్యలో చిటుక్కున వదిలితే తెల్లటి గీత పడుతుంది. అక్షరాలు దాని మీద నిలబడతాయి.

ఆగస్టు. నేను చదవలేదు గానీ ఎక్కువ నేర్చుకున్నది ఈ నెలే. గిడుగు రామమూర్తి గారి జయంతి 29న వస్తుంది కాబట్టి మాస్టారు వాడుక భాష మీద మాట్లాడారు. ఆ ఊపులో నా కథలోని సంభాషణలు మళ్లీ బయటికి తీశారు. నాన్న హెల్పర్ కుర్రాడితో "అలా కాదు బాబూ, కుంచెను వంచి గీయాలి" అంటారని రాశాను. మా నాన్న జన్మలో అలా మాట్లాడలేదు. "అట్టా కాదురా, బ్రష్ పడుకోబెట్టి లాగు" అంటారు. మరి కథనం కూడా అదే యాసలో ఉండాలా అని అరగంట వాదన జరిగింది. నేను వద్దనుకున్నాను. కథ చెబుతున్నది చదువుకుని ఉద్యోగం చేస్తున్న కూతురు. ఆమె మాట వేరు, ఆయన మాట వేరు. ఆ తేడా వినపడాలి.

సెప్టెంబరులో మా ఇంట్లో పెళ్లి, వెళ్లలేదు. ఒక్క పేరా కూడా రాయలేదు.

అక్టోబరు. మూడో ప్రతి, 1,350 మాటలు. ఈసారి వచ్చిన అనుమానం: ఇది ఏ కాలం కథ? సంవత్సరం చెప్పే వాక్యం పెడితే అతికించినట్టు ఉంది. లారీల పనిలోనే ఉన్న ఒకాయన నంబర్ ప్లేట్ రాయించమన్నారు. అదే చేశాను. నాన్న నల్ల రంగుతో "ఏపీ 16" రాస్తారు, అది కృష్ణా జిల్లా పాత నంబర్. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చిందని తెలిసినవాళ్లకి, కథ అంతకు ముందుదని అర్థం కావడానికి అది చాలు. తెలియనివాళ్లకీ కథ ఎక్కడా ఆగదు.

కొత్తగా చేరేవాళ్ల కోసం కాపీల సంగతి కూడా రాస్తున్నాను. ఫోన్‌లో టైప్ చేసి, మండలి ఫాంట్‌లో 14 సైజులో, వరుసల మధ్య ఒకటిన్నర ఎడంతో తీయిస్తున్నాను. పక్కన రెండు వేళ్ల మార్జిన్ ఉంటేనే పెన్సిల్‌తో రాయడానికి చోటుంటుంది. చదువుతూ ఎక్కడ ఆగారో అక్కడ గీత పెట్టమంటాను, కారణం అడగను. తొమ్మిది కాపీల్లో ఐదింట్లో ఒకే చోట గీత పడితే ఆ వాక్యం మార్చాల్సిందే. పత్రికకి పంపే ముందు మాత్రం వాళ్లు యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు) తీసుకుంటారా, అను ఫాంట్లు (పాత డీటీపీ పద్ధతివి) అడుగుతారా కనుక్కోండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, మళ్లీ మొత్తం చూసుకోవాలి.

నవంబరు. నాలుగో ప్రతి గ్రూపులో చదివాను. పన్నెండున్నర నిమిషాలు పట్టింది. చివరి పేరాలో ఎవరూ గీత పెట్టలేదు. సాయంత్రం ఇంట్లో నాన్నకి చదివి వినిపించాను. ఆరు నెలలుగా ఆయన గురించి రాస్తూ ఆయనకి ఒక్క ముక్కా చూపించలేదు. కళ్లు మూసుకుని విన్నారు. అయ్యాక కాసేపాగి, "ఎనామిల్ బ్రష్ నీళ్లల్లో కడిగినట్టు రాశావేందమ్మా? కిరసనాయిల్లో కడగాలి" అన్నారు.

తొమ్మిది మందిలో ఒక్కరికీ పట్టుబడని తప్పు అది. ఆ వాక్యం మార్చి మళ్లీ తొమ్మిది కాపీలు తీయించాను. ఈసారి పదోది కూడా.