చిన్నోడి రాయబారం

మా ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ మాటల్లేని రోజున పని పెరిగేది మా చిన్నోడికే. వాడికి ఐదేళ్ళు. "అమ్మకి చెప్పు", "నాన్నని అడుగు" అని ఇద్దరం చెరోవైపు నుంచి పంపుతుంటే హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి పరుగులే పరుగులు. పెద్దది మాత్రం ఈ ఉద్యోగానికి ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది. దానికి పదేళ్ళు వచ్చాయి, "ఇద్దరూ ఒకే రూములో ఉన్నారు కదా, మీరే చెప్పుకోండి" అని పుస్తకంలో తల దూర్చేస్తుంది. ఇవాళ ఆదివారం, పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా చిన్నోడిదే రాజ్యం. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా, ఎందుకంటే ఇంకో ఏడాది పోతే వీడూ వాళ్ళక్కలా తెలివి మీరిపోతాడు, అప్పుడు కావాలన్నా ఈ మాటలు దొరకవు.

గొడవ ఫ్యాను గురించి. ఆయనది కదిరి వైపు పల్లెటూరు. ఎండాకాలమంతా ఆరుబయట మంచాలేసుకుని పెరిగిన మనిషి, గాలి మొహానికి తగలకపోతే నిద్ర పట్టదు. నాది కాకినాడ. ఉక్కపోత నాకేం కొత్త కాదు, కానీ ఇది నవంబరు, ఇది బెంగళూరు, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు, పాత ఇళ్ళలో అసలు ఫ్యాన్లే పెట్టుకునేవాళ్ళు కాదని మా ఓనరు ఆంటీ చెబుతూ ఉంటారు. రాత్రి నేను లేచి రెగ్యులేటరు మూడు నుంచి ఒకటికి తిప్పాను. నేను నిద్రపోయాననుకుని ఆయన లేచి మళ్ళీ మూడుకి తిప్పారు, తిప్పి వచ్చి దుప్పటి మెడ దాకా కప్పుకున్నారు. దుప్పటి కప్పుకునేవాళ్ళకి మూడెందుకండీ అని నేను, గాలి వేరు చలి వేరు అని ఆయన. చీకట్లో ఆ టక్ టక్ శబ్దానికి పెద్దది లేచి కూర్చుని, కళ్ళు కూడా పూర్తిగా తెరవకుండా, "రెండు పెట్టుకోండి" అని చెప్పి మళ్ళీ పడుకుంది. అంత న్యాయమైన తీర్పు మా ఇద్దరికీ నచ్చలేదు. తెల్లారేసరికి మాటలు బంద్.

అయినా ఉగ్గాని చేశాను. గొడవ దారి గొడవది, ఆదివారం టిఫిను దారి టిఫినుది. పెళ్ళయిన కొత్తలో బొరుగులతో టిఫినేమిటని ఆశ్చర్యపోయిన దాన్ని, ఇప్పుడు మా అత్తయ్యగారు చూపించినట్టే బొరుగుల్ని నీళ్ళలో ముంచి తీసి గట్టిగా పిండి, పోపులో ఉల్లిపాయలు మగ్గాక వేసి, పైన పుట్నాల పొడి చల్లి దించుతాను. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. పిల్లలకి మాత్రం అరటికాయ బజ్జీ. అన్నీ బల్ల మీద పెట్టి చిన్నోడిని పిలిచాను. "మీ నాన్నకి చెప్పు, టిఫిను రెడీ, తింటే తినమను, లేకపోతే లేదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఏడాది వాళ్ళ మిస్ క్లాసులో అందరికీ నేర్పింది, ఎవరితో ఏం చెప్పినా చివర ప్లీజ్ అనాలని. మా వాడు దాన్ని చాలా శ్రద్ధగా పాటిస్తున్నాడు. బాల్కనీలోకి వెళ్ళి, చేతులు కట్టుకుని, "నాన్నా, తింటే తిను, లేకపోతే లేదు, ప్లీజ్" అన్నాడు. ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు కానీ పేపరు ఊగడం వంటింట్లోంచి నాకు కనిపిస్తూనే ఉంది. "అమ్మకి చెప్పు, నాకు ఆకలి లేదని." వాడు మళ్ళీ పరుగు. "అమ్మా, నాన్నకి ఆకలి లేదు ప్లీజ్." ఆకలి లేదు ప్లీజ్ అంటే ఏం చేస్తాం, ఇంకో రెండు బజ్జీలు వేసి ప్లేటు వాడి చేతికే ఇచ్చి పంపాను. దారిలో ఒక బజ్జీ కొసన కొరికి, కారం తగిలి, దాన్నలాగే ప్లేటులో పెట్టేసి ఇచ్చాడు. ఆయన ముందు ఆ కొరికిన బజ్జీనే తిన్నారు.

నాకో గట్టి అభిప్రాయం ఉంది, మా అక్కతో కూడా దీని గురించి చాలాసార్లు వాదించాను. చిన్న చిన్న గొడవలు పిల్లల ముందే పడాలి. తలుపు వేసుకుని గుసగుసగా పోట్లాడుకుంటే పిల్లలకి వినబడేది గొంతులో కోపం ఒక్కటే, ఎందుకో తెలియదు, ఎప్పుడు తగ్గిందో అసలే తెలియదు. ఫ్యాను గురించి, తడి తువ్వాలు మంచం మీద వేయడం గురించి, కూరలో ఉప్పు గురించి వాళ్ళ ఎదురుగా అలిగితే, సాయంత్రానికి కలిసి టీ తాగడం కూడా వాళ్ళ ఎదురుగానే జరుగుతుంది. అది చూడటం వాళ్ళకి కావాలి. ఇంటి లోను, అత్తయ్యగారి మోకాళ్ళ ఆపరేషను లాంటివి వేరు, అవి పిల్లలు పడుకున్నాక మాట్లాడుకోవాల్సినవే, వాటిని పిల్లల చేత చెప్పించకూడదు. ఐదేళ్ళవాడి నోట పట్టేంత గొడవైతేనే వాడి చేత పంపాలి. నోట పట్టేంత చిన్నదైతే అది ఎలాగూ మధ్యాహ్నానికి కరిగిపోతుంది.

బసవనగుడిలో కడలెకాయి పరిషెకి తీసుకెళ్తామని పిల్లలకి ముందే మాటిచ్చాం, కాబట్టి మాటల్లేకపోయినా ప్రయాణం తప్పదు. ఏటా కార్తీక మాసం చివరి సోమవారం బుల్ టెంపుల్ దగ్గర జరిగే వేరుశనక్కాయల తిరునాళ్ళ అది. సోమవారం స్కూళ్ళు, ఆఫీసులు, జనం కిటకిట. ముందు రోజుకే అంగళ్ళు పెట్టేస్తారు కాబట్టి మేం ఆదివారమే వెళ్తాం. మాది వైట్‌ఫీల్డ్. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడం ఒకప్పుడు పెద్ద టెన్షను, 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ లైను పూర్తిగా తెరిచాక హాయి. మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకి మారి నేషనల్ కాలేజీ దగ్గర దిగితే నడిచిపోవచ్చు. చిన్నోడికి పరిషె కన్నా మెట్రోయే ముఖ్యం.

మెట్రోలో నేనూ పెద్దదీ ఒకవైపు, ఎదురు సీట్లో వాళ్ళిద్దరూ. రైలు ఆగినప్పుడల్లా వాడు ఇటు దూకి ఒక మాట, ఇంకో స్టేషన్లో అటు దూకి ఒక మాట. ఆయన వాడి చెవిలో ఏదో చెప్పడం చూశాను, ఒక్క ముక్కే చెప్పి ఉంటారు. వాడు వచ్చి, "అమ్మా, మెజెస్టిక్‌లో బ్యాగు నాన్న మోస్తాడంట. పాపం నీకు చేతులు నొప్పి పుడతాయంట. నువ్వు చాలా మంచిదానివంట, ప్లీజ్" అన్నాడు. "ఇదంతా నాన్న అన్నారా?" అనడిగాను. వాడు కాసేపు ఆలోచించాడు. "అనలేదు. కానీ అనుకున్నాడు."

నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ ఫక్కున నవ్వేసింది. తెలుగావిడే, నెల్లూరు వైపట. "మీ ఇంట్లో ఇంకా మోసేవాళ్ళున్నారమ్మా, మా ఇంట్లో పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు, ఇప్పుడు అలిగితే మాకు మేమే మాట్లాడుకోవాల్సొస్తోంది" అంది. ఆవిడ దిగిపోయాక కూడా ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. బ్యాగు తీసి వాడితో పంపించేశాను. నా వంతు మాట కూడా ఒకటి చేర్చాను, అది ఇక్కడ రాయను. వాడు దాన్ని ఎలా మార్చి చెప్పాడో గానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

బసవనగుడిలో దిగీ దిగగానే వేయించిన కాయల వాసన. రోడ్డుకి రెండు వైపులా గుట్టలు గుట్టలుగా కాయలు, పచ్చివి, ఉడకబెట్టినవి, వేయించినవి, కాటాతో పని లేకుండా సేరుతో కొలిచి పోస్తున్నారు. కదిరి మనిషికి వేరుశనక్కాయల గుట్ట కనబడితే ఆగడం కష్టం. వాళ్ళ ఊరి పరిశోధన కేంద్రంలో తయారైన కదిరి-6, కదిరి లేపాక్షి రకాల గురించి మేనల్లుళ్ళ ఉద్యోగాల గురించి చెప్పినంత గర్వంగా చెబుతారు. ఒక్కో గుట్ట దగ్గరా ఒక కాయ తీసుకోవడం, బొటనవేలితో నొక్కి పగలగొట్టడం, గింజ మీద పొర రంగు చూడటం, నోట్లో వేసుకోవడం, తల ఊపి పక్క గుట్టకి పోవడం. పెద్దది కూడా వెనకాలే అచ్చం అలాగే చేస్తోంది, బొటనవేలు పెట్టే చోటుతో సహా, తల ఊపడంతో సహా. దానికి ఎవరూ నేర్పలేదు. నాకు భలే ముచ్చటేసింది.

గుడి లైన్లో నిలబడ్డప్పుడు ఆయన పిల్లలకి కథ చెప్పారు, నాకు కూడా వినబడేంత గట్టిగా. ఈ చుట్టుపక్కల సుంకేనహళ్ళి, మావళ్ళి, గుట్టహళ్ళి, దాసరహళ్ళి అనే పల్లెలుండేవట, అందరూ వేరుశనగ వేసేవాళ్ళట. పౌర్ణమి రాత్రుళ్ళు ఒక ఎద్దు వచ్చి పంటంతా మేసిపోతుంటే రైతులు కాపు కాసి తరిమారట, అది గుట్టెక్కి మాయమైపోయిందట, తెల్లారి చూస్తే అక్కడ రాతి బసవన్న. తప్పయిపోయిందని గుడి కట్టించి, ఏటా మొదటి పంట ఆయనకే పెడతామని మొక్కుకున్నారట. ఈ గుడి 1537లో కెంపేగౌడ కట్టించాడని చెబుతారు, బెంగళూరు ఊరు పుట్టిన సంవత్సరం కూడా అదే. లోపలికి వెళ్ళి చూస్తే ఒకే రాయిలో చెక్కిన నంది, దాదాపు 15 అడుగుల ఎత్తు, 20 అడుగుల పొడవు, నూనె పట్టించీ పట్టించీ నల్లగా మెరిసిపోతోంది. చిన్నోడు మెడ వెనక్కి విరిచి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

"ఆ రాయి రోజురోజుకీ పెరిగిపోతుంటే, ఇంక పెరగకుండా నెత్తి మీద త్రిశూలం దించారంట" అని ఆయన కథ ముగించారు.

వాడి మొహంలో రంగు మారింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, లైన్లో అందరికీ వినబడేలా, "అమ్మా, నాక్కూడా కొడతావా? ప్యాంట్లన్నీ పొట్టి అయిపోతున్నాయి, ఇంక పెరగొద్దురా బాబూ అంటావు కదా!" అన్నాడు.

వెనకాల తెలుగు తెలిసిన వాళ్ళెవరో గానీ గట్టిగా నవ్వారు. ఆయన నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుని, "విన్నావా, ఇంట్లో పిల్లాడిని ఎలా బెదిరిస్తున్నావో" అన్నారు. "నేనెక్కడ బెదిరించానండీ, మీరు వాడికి ఆ త్రిశూలం సంగతి చెప్పడమెందుకు" అన్నాను. వాడిని ఎత్తుకుని, పెరగాలి నాన్నా, నాన్నంత ఎత్తు పెరగాలి, ఎన్ని ప్యాంట్లైనా కొంటానని ఇద్దరం మార్చి మార్చి చెప్పాం. పెద్దదే ముందు పసిగట్టింది. "మాటలొచ్చేశాయి" అని వాళ్ళ తమ్ముడికి చెప్పింది. వాడికి సంతోషమేమీ కలగలేదు. "అయితే ఇంక నేను చెప్పక్కర్లేదా?" అని దిగులుగా అడిగాడు.

బయటికొచ్చాక అసలు వాదన మొదలైంది, ఈసారి నేరుగానే. ఆయనకి పచ్చి కాయలు కావాలి, ఇంటికెళ్ళి ఉప్పేసి ఉడకబెట్టుకోవడానికి. నాకు వేయించినవి కావాలి, పచ్చడికీ పొడికీ పనికొస్తాయి, నాలుగు రోజులు నిలవుంటాయి. కాయలమ్మే అవ్వ చింతామణి నుంచి వచ్చిందట, మా తెలుగు విని తనూ తెలుగులోకి దిగింది. "ఇద్దురూ ఒగ మాట మీదికి రాండి, సేరు పట్టుకోని చెయ్యి నొప్పి పుడతా ఉండాది" అంది. చిన్నోడికి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. అవ్వ ముందు గొంతుక్కూచుని, "అవ్వా, అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి, ప్లీజ్" అన్నాడు. ఆవిడ రెండు రకాలూ రెండు గుడ్డ సంచుల్లో పోసి, పైన వాడి చొక్కా జేబులో పట్టినన్ని కొసరు పోసింది. జేబు బరువుకి చొక్కా ఒకవైపు వాలిపోయింది, అలాగే ఇంటిదాకా వచ్చాడు. రైల్లో ఒక్కో కాయా తీసి ఒకసారి నాకు, ఒకసారి వాళ్ళ నాన్నకి ఇచ్చాడు. వాళ్ళక్కకి మాత్రం అడిగితేనే.

ఇంటికి రాగానే వాడికి ఒకటే పట్టుదల, ఎత్తు కొలవాలని. బెడ్‌రూము తలుపు చట్రం మీద పెన్సిలు గీతలున్నాయి కదా, అక్కడ నిలబడ్డాడు. మడమలు ఎత్తేశాడు. పెద్దది వంగి రెండు చేతులతో వాడి పాదాలు నేలకి నొక్కి పట్టుకుంటే, ఆయన నెత్తి మీద పుస్తకం పెట్టి గీత గీశారు. దసరాకి గీసిన గీత కన్నా అర అంగుళం పైనే ఉంది. కుక్కర్లో కాయలు మూడో కూత కూస్తున్నాయి, నేను అక్కణ్ణుంచే కేకేశాను, అయితే యూనిఫాం ప్యాంట్లు రెండు కొనాల్సిందేనని. ఈ వారం సాయంత్రం ఎవరో ఒకరం తీసుకెళ్ళాలి. ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు, ఆయనకి గురువారం దాకా రాత్రి కాల్స్ ఉన్నాయట, నాకు నెలాఖరు. "అమ్మని అడుగు" అని ఆయన అంటుండగానే చిన్నోడు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేశాడు.