తిట్టుకునేంత ప్రేమ

రామదాసు కీర్తనల్లో నాకు గొంతు పూడుకుపోయేది లెక్కలు చెప్పే చోట. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, దేనికెంత పట్టిందో వరసపెట్టి చెప్పుకుంటూ వచ్చి, ఇక ఆపుకోలేక, ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని సాక్షాత్తూ రాముణ్ణే నిలదీస్తాడు. కాసేపటికే, దెబ్బలకు తాళలేక తిట్టానయ్యా ఏమనుకోకు అని ఏడుస్తాడు. రెండూ ఒకే పాటలో.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి. గోల్కొండ నవాబు తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని గోల్కొండలో పన్నెండేళ్లు బంధించారంటారు. కోటలో ఆ బందీఖానా ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద దేవుడి బొమ్మలుంటాయి, ఆయనే చెక్కుకున్నాడని చెబుతారు. పలకడం లేదని ఎవరిని తిడుతున్నాడో ఆ రూపాన్నే రాతిలో చెక్కుకుంటూ కూర్చున్నాడంటే ఆ మనిషికి ఎంత కోపం ఉండి ఉండాలి, ఎంత ప్రేమ ఉండి ఉండాలి! పరాయివాళ్ల మీద మనకు అంత కోపం రాదు. మన అనుకున్నవాడు మన బాధ చూస్తూ ఊరుకున్నప్పుడే కడుపు మండిపోతుంది.

మా పెద్దమ్మను చూశాక ఈ సంగతి నాకు బాగా తెలిసింది. అన్నయ్య పోయాక ఆవిడ చాలా రోజులు దేవుడి గదిలోకి వెళ్లలేదు. తర్వాత ఒక సాయంత్రం తనే వెళ్లింది, కుంది తుడిచింది, ఒత్తి వేసింది, నూనె పోసింది, అగ్గిపుల్ల గీసే ముందు ఆగి పటం వైపు చూస్తూ, "రామదాసు కొడుకు గంజిలో పడి చచ్చిపోతే లేపావు కదా, నా కొడుకు నీకేం చేశాడయ్యా" అంది. చిన్నప్పటి నుంచి హరికథల్లో విన్న కథ అది. అని, దీపం వెలిగించింది. అక్కడున్న చుట్టాలు "తప్పు, అలా అనకూడదు" అన్నారు. ఎందుకనకూడదో నాకిప్పటికీ అర్థం కాదు. ఆవిడ ఇంకా ఆయనతోనే మాట్లాడుతోంది కదా, ఎదురుగా నిలబడి అడుగుతోంది కదా, అంతకు మించిన భక్తి ఏముంటుంది?

అలాంటి చోట ఎవరో ఒకరు కర్మ సిద్ధాంతం మొదలుపెడతారు. రామదాసుకూ ఒక కారణం చెప్పి పెట్టారు మనవాళ్లు: కిందటి జన్మలో చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట, అందుకే పన్నెండేళ్ల చెర. ఈ కథ నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఏడుస్తున్న మనిషి ముందు పాత బాకీల చిట్టా విప్పడం ఏం ఓదార్పు? నిజంగా అంత సరిపోయే లెక్కే అయితే రామదాసుకు ఆ పాట పాడాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆయన జైల్లో కూర్చుని అడిగింది లెక్క కాదు, తోడు. సీతమ్మ తల్లీ, ఆయనతో ఏకాంతంగా ఉన్నప్పుడైనా నా మాట చెప్పమ్మా అని ఇంకో కీర్తనలో బతిమాలుకుంటాడు. మామయ్యకు కోపం తగ్గే వేళ చూసి అత్తయ్యను మధ్యవర్తిగా పంపే ఇంటి మనిషిలా.

చివరికి రామలక్ష్మణులు వచ్చారనే చెబుతారు. వచ్చింది మాత్రం తానీషా దగ్గరికి. అర్ధరాత్రి ఆయన్ని లేపి, గుడికి వాడిన శిస్తు సొమ్ము ఆరు లక్షలూ కట్టి రసీదు తీసుకున్నారట. చెర వీడినా రామదాసుకు ఆ దర్శనం దక్కలేదు, ఎవరు వచ్చి వెళ్లారో తెలిశాక నాకెందుకు కనబడలేదని మళ్లీ ఏడ్చాడట.

పెద్దమ్మ ఆ కథంతటిలో ఈ ముక్కే మళ్లీ మళ్లీ చెప్పించుకుంటుంది. "చూశావా, అంతటి వాడికే కనబడలేదు" అంటుంది. అని, మళ్లీ రాముణ్ణి తిట్టడం మొదలుపెడుతుంది.