వండని చేప

మా ఇంట్లో ఏకాదశినాడు ఉల్లిపాయ కూడా కోయం. అలాంటి ఇంటి గరాజ్‌లో ఇప్పుడు 43 చేపలు వేలాడుతున్నాయి. కొన్ని చెక్కవి, కొన్ని ప్లాస్టిక్‌వి, కొన్ని మెత్తటి రబ్బరువి. ఒక్కోదాని పొట్ట కింద మూడు కొనల కొక్కేలు రెండేసి. పోయినేడాది ఒకటి నా చున్నీకి పట్టుకుంటే, విడిపించడానికి చున్నీనే కత్తిరించాల్సి వచ్చింది. కొక్కెం కోసేద్దామంటే మావాడు ఒప్పుకోలేదు. ఆ ఎర ఖరీదు 28 డాలర్లట. చున్నీ ఖరీదు ఎవరూ అడగలేదు.

మావాడికి 14 ఏళ్ళు. పుట్టింది ఇక్కడే, మినియాపోలిస్‌లో. తెలుగు మాట్లాడతాడు, చదవమంటే మాత్రం కడుపునొప్పి వస్తుంది. రెండేళ్ళ కిందట పక్కింటి పెద్దాయన ఒక శనివారం వాణ్ణి తన పడవలో చేపల వేటకి తీసుకెళ్ళారు. రిటైరైన మనిషి, పిల్లలు దూరాన ఉన్నారు. వద్దనడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. పొద్దున నాలుగింటికి వెళ్ళినవాడు రాత్రి తొమ్మిదింటికి వచ్చాడు. ముఖం ఎండకి కందిపోయింది, చేతులు బొబ్బలెక్కాయి, సంచిలో ఏమీ లేదు. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

“అమ్మా, ఒక చేప నన్ను చూసింది” అన్నాడు.

పట్టుకున్నానని కాదు, చూసిందని! అప్పుడే అనుకున్నాను, ఇది ఒక్క శనివారంతో పోయేది కాదని.

ఆ చేప పేరు మస్కీ. పూర్తి పేరు మస్కెలంజ్. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే వాళ్ళ మాటలోంచి వచ్చిన పేరు. మొసలి ముక్కు లాంటి మూతి, సూదుల్లాంటి పళ్ళు, నాలుగడుగుల ఒళ్ళు. సరస్సులో దాన్ని తినే చేప ఉండదు, అది తినని చేప ఉండదు. దీన్ని ‘పదివేల విసుర్ల చేప’ అంటారు. అంటే గాలం పదివేలసార్లు విసిరితే ఒకసారి పడుతుందని. మావాడు ఆ మాటని లెక్కల సమస్యలా తీసుకుని ఒక నోట్‌బుక్ పెట్టాడు. ఎన్ని విసుర్లు, గాలి ఎటునుంచి, నీళ్ళ వేడి ఎంత, చంద్రుడు ఎన్నింటికి వచ్చాడు, అన్నీ అందులో ఉంటాయి. హోంవర్క్‌లో అలాంటి పొందిక నేనింతవరకూ చూడలేదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే పిల్లల సంగతులు రాక తప్పదు. ఒకరి అమ్మాయి స్పెల్లింగ్ పోటీ, ఒకరి అబ్బాయి లెక్కల ఒలింపియాడ్, మృదంగం, కూచిపూడి. “మీవాడేం చేస్తాడండీ?” అంటే “చేపలు పడతాడు” అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ మెల్లగా, “మీరు నాన్‌వెజ్ తినరు కదా?” అంది. తినమండీ. వాడూ తినడు. అదే అసలు గొడవ.

మాది నెల్లూరు. నెల్లూరంటే అందరికీ చేపల పులుసే గుర్తొస్తుంది. కానీ చేపకీ నాకూ ఉన్న చుట్టరికం గుడి కోనేటి దగ్గరే. అమ్మ గుప్పెడు బొరుగులు చేతిలో పోస్తే మెట్ల మీద నిలబడి విసిరేదాన్ని. నల్లటి నోళ్ళు ఒక్కసారిగా పైకి లేచేవి. మాకు చేపంటే మనం తిండి పెట్టాల్సిన ప్రాణి. దాని నోట్లో కొక్కెం గుచ్చడం, అదీ తినడానిక్కాదు, వదిలేయడానికి! అదెలా ఒప్పుకోను?

మొదట వద్దన్నాను. వాడు అరవలేదు, అలగలేదు. కొన్ని ఫొటోలు చూపించాడు. 1955 జులైలో లీచ్ లేక్ అనే సరస్సులో కొన్నాళ్ళు గాలి ఆడక, ఎండ మండిపోయి, మస్కీలు పిచ్చెత్తినట్టు ఎరల మీద పడ్డాయట. దండేనికి బట్టలు ఆరేసినట్టు వరసగా వేలాడదీసిన చేపల ఫొటోలు అవి. అప్పట్లో పట్టినవన్నీ చంపేవాళ్ళు. 1966లో సెయింట్ పాల్‌లో గిల్ హామ్ అనే ఆయన మస్కీస్ ఇంక్ అని ఒక సంఘం పెట్టాడు. పట్టిన మస్కీని వదిలేయాలనే పద్ధతి అలాంటివాళ్ళ వల్లే జనానికి ఎక్కింది. ఇప్పుడు మా రాష్ట్రం మినెసోటాలో చాలాచోట్ల 54 అంగుళాలకి తక్కువున్న మస్కీని ఉంచుకోవడానికి వీల్లేదు. అంటే నాలుగున్నర అడుగులు. అంతకన్నా పెద్దది పడినా వదిలేసేవాళ్ళే ఎక్కువ. “చూడమ్మా, వీళ్ళు మారారు” అన్నాడు మావాడు. పన్నెండేళ్ళవాడు చరిత్ర పాఠం చెప్పి అమ్మని ఒప్పించడం నాకు కొంచెం ముచ్చటగానే అనిపించింది. ఒప్పుకున్నానని మాత్రం కాదు.

చివరికి రాజీ కుదిరింది. శరదృతువులో ఇక్కడివాళ్ళు సక్కర్ అనే బతికున్న చేపని కొక్కేనికి కట్టి మస్కీకి ఎరగా వేస్తారు. బాగా పనిచేస్తుందట. మా ఇంట్లో అది కుదరదన్నాను. చెక్కవీ రబ్బరువీ ఎన్నయినా కొనుక్కో, ప్రాణమున్నది మాత్రం వద్దు. ఎండాకాలంలో నీళ్ళ వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికొస్తే ఆ రోజు వేట ఉండదు. ఈ రెండోది వాడే చెప్పాడు. వేడి నీళ్ళలో పెనుగులాడిన మస్కీ వదిలేశాక కూడా చచ్చిపోవచ్చట. జులైలో రెండుసార్లు అంతదూరం వెళ్ళి, నీళ్ళలో థర్మామీటర్ పెట్టి చూసుకుని వెనక్కొచ్చేశాం. మూడున్నర గంటలు వెళ్ళడం, మూడున్నర గంటలు రావడం. మా ఆయన దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

మేం వెళ్ళేది ఆ లీచ్ లేక్‌కే. వాకర్ అనే చిన్న ఊరి పక్కన, ఓజిబ్వేల రిజర్వేషన్‌లో, అంటే వాళ్ళకి కేటాయించిన నేలలో, లక్ష ఎకరాలకి పైగా నీళ్ళు. మనకి చెరువంటే అవతలి గట్టు కనపడాలి. ఇక్కడ కనపడదు. మొదటిసారి చూసి “ఇంత నీళ్ళలో చేప ఎక్కడుందో ఎలా తెలుస్తుందిరా?” అన్నాను. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు.

నాకర్థమైనంతలో సంగతి ఇది. మస్కీ చేపల వెంట ఉంటుంది, చేపలు నీడ వెంట ఉంటాయి. నీళ్ళలో పెరిగే ఒక వెడల్పాకు మొక్కని వీళ్ళు క్యాబేజీ అంటారు, మన కూర క్యాబేజీతో దానికి పోలికే లేదు. ఆ గుబురు ఎక్కడ ముగిసి లోతు మొదలవుతుందో ఆ అంచున మస్కీ కాపు కాస్తుంది. లేదా నీళ్ళలో మునిగిన రాళ్ళ తిప్పల దగ్గర, అదీ గాలి ఎటు కొడుతుందో ఆ వైపున. గాలి చిన్న పురుగుని తోస్తుంది, పురుగు వెంట చిన్న చేప, దాని వెంట పెద్దది. మామూలువాళ్ళు గాలి తగలని చోట హాయిగా పడవ ఆపుకుంటారు. మావాడు అలలు కొట్టే చోటికే పోదామంటాడు. నాకు కడుపులో తిప్పుతుంది.

జూన్‌లో చిన్న ఎరలు. ఎండలు ముదిరాక బక్‌టెయిల్స్, అంటే జింకతోక వెంట్రుకల కుచ్చుకి రెండు గుండ్రటి రేకులు కట్టినవి. లాగుతుంటే రేకులు గిరగిరా తిరిగి ఆ అదురు గాలం కర్రలోంచి మోచేతి దాకా వస్తుంది. చీకటి పడ్డాక నీళ్ళ మీద గలగలమంటూ వచ్చేవి. చలి మొదలయ్యాక అరకిలో దాకా ఉండే రబ్బరు ఎరలు, మెల్లగా, లోతుగా. రబ్బరువాటిని ప్లాస్టిక్‌వాటితో ఒకే డబ్బాలో పెట్టకూడదు, కరిగి అతుక్కుపోతాయి. అది నేనే చేశాను, ఇల్లు సర్దుతున్నాననుకుని. వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఒకసారి నేనూ విసిరాను. నాలుగో విసురుకే రీల్‌లో దారం చిక్కుబడిపోయింది. అది వంద పౌన్ల బరువు మోసే అల్లిక దారం, వీళ్ళు బ్రెయిడ్ అంటారు. జడే కదా, అనుకుని కూర్చుని మా చిన్నదాని జుట్టు చిక్కు తీసినట్టు కొస నుంచి ఒక్కో పాయా విడదీశాను. పావుగంట పట్టింది. మావాడు ఆశ్చర్యంగా చూసి, “నువ్వు పడవలో ఉండాల్సినదానివి” అన్నాడు. ఈ దేశంలో నాకొచ్చిన మెప్పుల్లో దాన్ని పైవరసలో పెట్టుకున్నాను.

వాడికి మొదటి మస్కీ పోయిన జూన్‌లో పడింది. నోట్‌బుక్ లెక్క ప్రకారం 3,812వ విసురు. నేను లేను, పక్కింటి పెద్దాయన తీసిన వీడియో చూశాను. 41 అంగుళాలు. పెద్ద వలలో, నీళ్ళలోనే ఉంచి, పొడుగాటి పటకారుతో కొక్కెం తీశారు. ఒకటి రాకపోతే కట్టర్‌తో కొక్కేన్నే కోసేశారు. (28 డాలర్ల ఎర! నా చున్నీ గుర్తొచ్చింది.) ఒక్కసారి పైకెత్తి ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో పెట్టి, తోక మొదలు పట్టుకుని నిలబెట్టాడు. అది మొప్పలాడిస్తూ కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక్క విదిలింపుతో పోయింది. వాడి ముఖం మీద నీళ్ళు చిందాయి, తుడుచుకోలేదు.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది, ఎండాకాలానికని వచ్చి. వీడియో రెండుసార్లు చూసింది.

“చేపలు తినేవాడికి ఆకలన్నా ఉంది. నీకేముంది అబ్బయ్యా?” అంది.

“ఆకలి లేదు కాబట్టే వదిలేస్తున్నా అమ్మమ్మా.”

“ఆకలి లేనోడు విస్తరి ముందు కూర్చోడు నాయనా.”

వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు, ఇప్పటికీ. పడుకునే ముందు ఆ రోజు అమ్మ వాడికి మత్స్యావతారం కథ చెప్పింది. సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల కమండలంలో పట్టక, బావిలో పట్టక, చెరువులో పట్టక, సముద్రంలోకి పోయిన కథ. మావాడు లేచి కూర్చుని, లీచ్ లేక్ మస్కీ గుడ్లు తీసి, పిల్లల్ని కుంటల్లో పెంచి, ఆకురాలే కాలంలో వేరే సరస్సుల్లో వదులుతారని చెప్పాడు. అంతకుముందు వేరే జాతివి వదిలితే అవి పొట్టిగానే ఉండిపోయాయట, 1980లలో ఈ జాతికి మారాకే పెద్దవయ్యాయట. “మరి మీవాళ్ళు ఎంత పొడవుకి వదుల్తారు?” అంది అమ్మ. ఇద్దరూ పదకొండు దాకా అదే మాట్లాడుకున్నారు. తెలుగులో! వాడికి తెలుగు నేర్పే మనబడి టీచర్ గారికి చెబితే నమ్మరు.

సెప్టెంబరులో అమ్మ తిరుగు ప్రయాణానికి రెండు వారాల ముందు అందరం వెళ్ళాం. బల్లలున్న వెడల్పాటి పడవ అద్దెకి తీసుకున్నాం. అమ్మ చీర మీద స్వెటర్, దానిమీద నారింజరంగు లైఫ్ జాకెట్, ఒళ్ళో పులిహోర డబ్బా. పొద్దు వాలుతోంది. మావాడు విసురుతున్నాడు, లాగుతున్నాడు. ప్రతి విసురు చివరా ఎర పడవ దగ్గరికొచ్చాక పైకి తీయడు. కర్ర కొసని నీళ్ళలో ముంచి పెద్ద 8 అంకె రాస్తాడు. మస్కీ ఎర వెనకే చప్పుడు లేకుండా పడవ దాకా వస్తుందట. ఎర పైకి లేస్తే పోతుంది, మలుపు తిరిగితే నోరు తెరుస్తుంది. అందుకే చేప కనపడినా కనపడకపోయినా ప్రతిసారీ రాయాల్సిందే. “బియ్యంలో ఓనమాలు దిద్దించినప్పుడు ఇంత ఓపిక లేదే నీకు” అంది అమ్మ.

అప్పుడు వాడి వీపు బిగుసుకుంది. “ఫాలో” అన్నాడు, గొంతు వినపడీ వినపడకుండా.

చూశాను. రబ్బరు ఎర వెనక రెండడుగుల దూరంలో, నీళ్ళ రంగులోనే ఉన్న ఒక దుంగ. దుంగకి కళ్ళున్నాయి. వాడు మోకాళ్ళ మీద కూర్చుని కర్ర ముంచాడు. మొదటి మలుపులో అది వెంట తిరిగింది, ఒళ్ళంతా వంచి, పక్కన చారలు కనిపించేలా. రెండో మలుపులో ఇంకా దగ్గరికొచ్చింది, మూతి ఎరకి తగిలిందనే అనుకున్నాను. మా ఆయన ఊపిరి బిగబట్టాడు. మూడో మలుపులో అది ఆగింది. ఎర వెళ్ళిపోయింది, అది వెళ్ళలేదు. రాయిలా కిందికి దిగి కనపడకుండా పోయింది.

“వచ్చింది, చూసింది, వద్దనుకుంది” అంది అమ్మ. “తెలివైంది.”

మావాడు ఏడుస్తాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. చేతులు వణుకుతుంటే నోట్‌బుక్ తీసి టైము రాశాడు. అమ్మ కొంగుముడి విప్పి గుప్పెడు బొరుగులు నీళ్ళలో చల్లింది.

“అమ్మమ్మా, మస్కీ అవి తినదు.”

“దాని తిండి తింటుందిగా.”

డిసెంబరు 1తో సీజన్ అయిపోయింది. సరస్సు గడ్డకట్టింది. నిన్న వాట్సాప్‌లో అమ్మ ఫోన్ చేసింది. వాడి మార్కులు అడగలేదు, నా నడుంనొప్పి అడగలేదు. “ఆ చేప మళ్ళీ కనపడిందా?” అంది. ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. మావాడు స్టూలు మీద కూర్చుని కొక్కేలకి ఆకురాయి పెడుతున్నాడు, గరగరమని. “ఏంటే ఆ చప్పుడు?” అంది అమ్మ.